వెనక్కి అడిగిన ఆమెన్

మావయ్య చర్చిలో ప్రసంగం చెప్పే పుల్పిట్ మీంచి ఏనాడూ రాజకీయం మాట్లాడలేదు. ఇప్పటికీ ఆ మాటే అంటాడు. నిజమే, ప్రసంగంలో ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు. మాట్లాడిందంతా ప్రార్థనలో.

ప్రసంగమైతే జనం కళ్ళు తెరుచుకుని వింటారు. నచ్చకపోతే మొహం చిట్లిస్తారు, పక్కవాళ్ళ చెవిలో ఏదో అంటారు, అయిపోయాక గుమ్మం దగ్గర నిలేసి అడుగుతారు. ప్రార్థన అలా కాదు. అందరూ తలలు వంచి కళ్ళు మూసుకుంటారు. మాట్లాడేది దేవుడితో కాబట్టి మధ్యలో ఎవరూ కలగజేసుకోరు. చివర్లో ఆమెన్ అనకపోతే తప్పు మనదే అయినట్టుంటుంది. వార్డు ఎన్నికలు వచ్చిన వేసవిలో మావయ్య కనిపెట్టిన కిటుకు ఇదే. నాకు ఆయన మీద కోపం చల్లారనిది కూడా ఇందుకే.

మావయ్య అంటే మా అమ్మకు సొంత అన్న, మా చర్చికి పాస్టరు. మా నాన్న దర్జీ. మా ఇంటి ముందుగదే షాపు. రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడకు ఒక నిలువుటద్దం. అమ్మ కాజాలు కుట్టి గుండీలు వేస్తుంది. నానమ్మ కిటికీ పక్కన మంచం మీద కూర్చుని కిందపడిన దారప్పోగులు ఏరి ఉండలు చుడుతుంది. ఆమెకు చెవుడు. చెవి దగ్గరికెళ్ళి నిదానంగా చెబితేనే వినపడుతుంది. ఆ పని ఎక్కువగా నాదే. బయటి మనుషుల ముందు నాకు నోరు పెగలదు గానీ నానమ్మ చెవిలో మాత్రం గలగలా మాట్లాడతాను.

మా వీధి చివర కంకర కొట్టే క్రషర్ ఉంది. అది తిరిగినంతసేపూ తెల్లటి దుమ్ము వీధి మీదికి దిగుతూనే ఉంటుంది. తెల్లబట్ట కుట్టాలంటే నాన్న మిషను చుట్టూ తడి దుప్పట్లు కట్టుకునేవాడు. అయినా బట్ట తీసుకెళ్ళినవాళ్ళు ఉతికి కుట్టావా, ఉతక్కుండా కుట్టావా అని ఎగతాళి చేసేవాళ్ళు. చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ దగ్గే.

ఆ వేసవి మొదట్లో మావయ్య కొత్త అంగీ కొలత చూసుకోవడానికి వచ్చాడు. పుల్పిట్ ఎక్కేటప్పుడు వేసుకునే తెల్లటి పొడుగు అంగీ అది. మావయ్య చేతులు చాచి స్టూలు మీద నిలబడితే నాన్న మోకాళ్ళ మీద కూర్చుని అంచుకు గుండుసూదులు పెడుతున్నాడు. నోట్లో సూదులుండటంతో మాటలు పళ్ళ సందుల్లోంచి వచ్చాయి.

"బావా, ఈ ఆదివారం దుమ్ము గురించి ఒక్క మాట అనరాదూ? రోజూ నీళ్ళు చల్లితే చాలు. మేనేజరు ముందు బెంచీలోనే కూర్చుంటాడు. నువ్వంటే వింటాడు."

"పుల్పిట్ మీంచి రాజకీయం మాట్లాడకూడదు బావా. అది దేవుడి చోటు."

"పిల్లల దగ్గు రాజకీయమా?"

"ఎవరో ఒకరికి తగిలే మాట ఏదైనా రాజకీయమే. నేను అందరికీ కాపరిని."

నాన్న మిగిలిన సూదులన్నీ పెట్టి, లేచి, "దిగు" అన్నాడు. వారం తిరక్కుండా వార్డు మెంబరుగా నామినేషన్ వేసి వచ్చాడు. మైకు పట్టుకుంటే చెమటలు పట్టే మనిషి. అమ్మ కుడుతున్న కాజా సగంలో వదిలేసి ఆయన మొహం వంకే చూస్తూ ఉండిపోయింది.

ఎదురు నిలబడింది ఆ క్రషర్ మేనేజరే. మా చర్చి కుర్రాళ్ళు అతన్ని టైంపీసు అంటారు. ప్రసంగం మొదలైన దగ్గర్నుంచీ చేతి గడియారం చూసుకుంటూనే ఉంటాడని ఆ పేరు. అతని గుర్తు దీపం. నాన్నకొచ్చిన గుర్తు బకెట్. బైబిల్లో బకెట్ కోసం వెతుక్కోవాలి, దీపం మాత్రం పేజీకొకటుంది అని నాన్న నవ్వాడు. ఆ నవ్వు మూడు ఆదివారాలు కూడా నిలవలేదు.

మా చర్చికి సమాధుల తోట లేదు. మా తాతను సమాధి చేసింది ఎక్కడో దూరాన ఉన్న పెద్ద చర్చివాళ్ళ తోటలో. అక్కడికెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. చర్చి వెనకున్న ఖాళీ స్థలం క్రషర్‌వాళ్ళది. తను గెలిస్తే ఓనరుతో చెప్పి అది చర్చికి ఇప్పిస్తానని టైంపీసు మాటిచ్చాడు. ఆ కబురు విని అందరికన్నా సంతోషపడింది నానమ్మే. నన్ను వెంటబెట్టుకెళ్ళి స్థలమంతా తిరిగి చూసింది. నీడగా ఉన్న మూల ఒకటి ఎంచుకుని కర్రతో నేల మీద గీత కూడా గీసింది. తాత పక్కన కాకపోయినా ఫరవాలేదట, కనీసం మేము నడిచి వచ్చే దూరంలో ఉంటే చాలట.

కాబట్టి మావయ్య డబ్బుకో మర్యాదలకో లొంగిపోయాడని నేననను. ఆయనకు ఆ స్థలం కావాలి. తనకోసం కాదు, నిజంగా సంఘం కోసమే. నాకది తెలుసు. తెలిసినా కోపం తగ్గదు.

మొదటి ఆదివారం ప్రార్థనలో, చనిపోయినవాళ్ళకు చోటివ్వాలని తలచిన మంచి మనసును దీవించమన్నాడు. అందరితోపాటు మేమూ ఆమెన్ అన్నాం. మరుసటి ఆదివారం, ఆ వెలుగును ఈ వీధి మొత్తానికీ చూపించమన్నాడు. వెలుగు అన్న మాట దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. టైంపీసు తల వంచుకుని ఎంతో భక్తిగా కూర్చున్నాడు. ఆ వేసవిలో అతను చర్చిలో ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు. మూడో ఆదివారానికి నాన్న వెనక బెంచీకి మారిపోయాడు.

అన్నయ్య ఎవరి పేరూ చెప్పలేదుగా అనేది అమ్మ. ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు అందో. మా చర్చిలో హార్మోనియం లాంటిదేమీ లేదు. మావయ్య పాట నంబరు చెప్పగానే అమ్మ ఎత్తుతుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఎంత ఎత్తులో మొదలుపెడితే అందరి గొంతులూ చివరిదాకా అందుతాయో అమ్మకే తెలుసు. వారమంతా మాట్లాడాల్సింది కూడా ఆ పాటల్లోనే దాచుకుంటుందేమో అనిపించేది. ఆ చోటు పోతుందని అమ్మ భయం.

ఒక సాయంత్రం నాన్న భుజాన కొలతల టేపుతోనే, దుమ్ము మాట చెప్పి ఓట్లడుగుతూ ఇల్లిల్లూ తిరిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆయన వీధిలో వెళ్తుంటే వెనకనుంచి కుర్రాళ్ళు దొంగ దగ్గులు దగ్గుతున్నారు. ఒకడు మొదలుపెడితే వీధి చివరిదాకా అదే వరస. నాన్న వెనక్కి చూడడు. చూడకపోయినా మెడ మాత్రం ఎర్రబడుతుంది. అమ్మ చెంబు అందిస్తూ, ఇప్పుడైనా మానుకోకూడదా అని అడిగింది. నాన్న చెంబు అందుకుని నీళ్ళు పోసుకున్నాడు.

"మీరొకవైపు నిలబడ్డారు, మా అన్నయ్య ఒకవైపు నిలబడ్డాడు. నేనెక్కడ కూర్చోవాలో అది కూడా మీరిద్దరే చెప్పండి" అంది అమ్మ.

మర్నాడు చర్చిలో అమ్మ పక్కన కూర్చుని పాడే ఆవిడ వచ్చింది. కుట్టమని ఇచ్చిన బట్ట ఇంకా కత్తిరించకపోతే ఇచ్చెయ్యమంది. ఎన్నికలయ్యాక మళ్ళీ తెస్తానంది. ఎన్నికలకూ ఆ బట్టకూ ఏం సంబంధమో చెప్పలేదు. నాన్న దాన్ని మడత పెట్టి, మడత మీద చెయ్యి నిమిరి ఇచ్చాడు. తర్వాత ఇంకొకరు వచ్చారు, ఆ తర్వాత ఇంకొకరు. అల్మరా అరలు ఖాళీ అయ్యాయి. రెండో మిషను మీద నాన్న గుడ్డ కప్పేశాడు.

అంతా జరిగింది ఓట్లకు ముందు ఆదివారం.

ఆ రోజు చర్చి నిండిపోయింది. మావయ్య కొత్త అంగీ వేసుకున్నాడు, నాన్న కుట్టిందే. ప్రసంగం ఓర్పు గురించి. బాగానే చెప్పాడు. తర్వాత చేతులు పైకెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. నానమ్మకు ప్రార్థన వినపడదు. అందుకని ఒక కన్ను కొంచెం తెరిచి మావయ్య చేతుల వంకే చూస్తుంటుంది. చేతులు కిందికి దిగితే ప్రార్థన అయిపోయినట్టు. అప్పుడు ఆమెన్ అంటుంది. తనకెంత గట్టిగా వినపడాలో అంత గట్టిగా అంటుంది.

"తండ్రీ, మా మధ్యే కూర్చుని, మా పాటలే పాడుతూ, నీ మందను రెండుగా చీలుస్తున్న మనిషి ఒకడున్నాడు. అతని ఆలోచనలు తారుమారు చెయ్యి. అతను చెయ్యి పెట్టిన పనిని ఫలించనివ్వకు."

అక్కడ మావయ్య ఆగాడు. చెప్పాల్సింది ఇంకా ఉంది గానీ, నుదుటి చెమట తుడుచుకోవడానికి చేతులు దించాడు.

"ఆమెన్" అంది నానమ్మ.

చర్చి మొత్తం మీద ఆ ఒక్క గొంతే. కళ్ళు మూసుకున్నవాళ్ళంతా తెరిచారు. ముందు నానమ్మను, తర్వాత వెనక బెంచీలో ఉన్న నాన్నను చూశారు. పక్క వరసలో ఎవరో నవ్వు ఆపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నానమ్మ మాత్రం తన వంతు సరిగ్గా అందించినట్టు తృప్తిగా నడుం నిటారు చేసి కూర్చుంది. మావయ్య ఒక్క క్షణం తడబడి, మిగతా ప్రార్థన రెండు ముక్కల్లో ముగించి, పాట నంబరు చెప్పాడు.

అమ్మ ఎత్తలేదు.

పాటల పుస్తకం సరైన పేజీ దగ్గరే తెరిచి ఉంది. వేలు మొదటి వరస కింద ఉంది. పెదవులు మూసుకునే ఉన్నాయి. మావయ్య నంబరు మళ్ళీ చెప్పాడు. ఎక్కడో పసిపిల్ల దగ్గింది. ఫ్యాను చప్పుడు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలీదు. చివరికి మావయ్యే అందుకున్నాడు, బాగా పైన. మూడో వరసకొచ్చేసరికి ఆ ఎత్తుకు ఎవరి గొంతూ అందలేదు. ఒక్కొక్కరే జారిపోయారు. టైంపీసు ఒక్కడే ఎక్కడో కింద గొణుగుతూ మిగిలాడు.

అమ్మ పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. నానమ్మ చెవి దగ్గరికి వంగి, "అత్తయ్యా, కర్ర తీసుకోండి" అంది. మేం బయటికి నడుస్తుంటే వెనక బెంచీలోంచి నాన్న కూడా లేచాడు.

రోడ్డు మీదికొచ్చాక, మధ్యలో లేచి వచ్చామేం, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా అని నానమ్మ అడిగింది. ఏం లేదమ్మా, ఎండ ఎక్కువగా ఉంది అన్నాడు నాన్న. చెప్పొద్దని అమ్మకు కళ్ళతో సైగ చేశాడు. అమ్మ రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. నానమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, మావయ్య ప్రార్థన ఒక్క మాట కూడా పొల్లుపోకుండా చెప్పింది. వీధిలో వెళ్ళేవాళ్ళంతా వినేలా అమ్మ మాట్లాడటం నేను చూసింది అదే మొదటిసారి.

"దానికి నేను ఆమెన్ అన్నానా?" అంది నానమ్మ.

"అన్నారు."

"గట్టిగానా?"

"అందరికన్నా."

నానమ్మ కర్ర టకటకలాడిస్తూ ఇంటిదాకా ముందు నడిచింది. గుమ్మం దగ్గర కర్ర గోడకు ఆనించి, "అది వెనక్కి తీసుకోవాలి. ఎవర్ని అడగాలి?" అంది. నాన్న నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆదివారం బట్టలు కట్టుకుని నన్ను బయల్దేరమంది. ఆమెకు నా నోరు కావాలి. మేం వెళ్ళేసరికి మావయ్య వాళ్ళింటి ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి కుర్చీ వేశాడు. నానమ్మ కూర్చోలేదు. చర్చిలోనూ బయటా ఆయన్ని అయ్యగారూ అనే పిలుస్తుంది. ఆ రోజు అలా పిలవలేదు.

"అబ్బాయ్, నిన్న నా చేత ఒక ఆమెన్ అనిపించావు. అది నాకిచ్చెయ్యి."

ఏమంటోందన్నట్టు మావయ్య నా వైపు చూశాడు. ముసలితనం అనుకున్నాడు కాబోలు, నవ్వుమొహంతోనే ఆమె చెవి దగ్గరికి వచ్చాడు. తను ఎవరి పేరూ చెప్పలేదని, అది దేవుడికీ తనకూ మధ్య మాటని, మనసులో పెట్టుకోవద్దని చెప్పాడు.

"పేరు చెప్పలేదా? మరి అందరూ నా కొడుకునే ఎందుకు చూశారు?"

"అత్తయ్యగారూ, మందను కాపాడుకోవాల్సిన బాధ్యత నాది. ఆ స్థలమైనా మీలాంటి పెద్దవాళ్ళ కోసమే కదా."

ఆ మాట నేను చెవిలో చెప్పాక నానమ్మ కర్ర మీద రెండు చేతులూ ఆనించింది.

"నాకు చెవుడని నీకు తెలుసు. నేను నీ చేతులు చూసి ఆమెన్ అంటాను. ఇన్నేళ్ళుగా నువ్వేం అడుగుతున్నావో నాకు తెలీదు అబ్బాయ్. మంచే అడుగుతావనుకున్నాను."

మావయ్య నవ్వు పోయింది. అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చేసింది. ఎంత చిన్నగా వచ్చిందంటే, నానమ్మకే కాదు, ఎవరికీ వినపడదనుకున్నాను.

"దుమ్ము గురించి నాన్న అడిగితే రాజకీయం అన్నారు కదా మావయ్యా."

ఆయనకు వినపడింది. నా వైపు తిరిగి, "ఇప్పుడు ఎన్నో తరగతికొచ్చావే?" అన్నాడు.

నేను నానమ్మ పక్కకు ఇంకా జరిగి నిలబడ్డాను.

ఆయన ఇవ్వడని నానమ్మకు అర్థమైంది. అక్కడే తల పైకెత్తి, ఇంటి కప్పు వైపు చూసి, "ప్రభువా, నిన్న నేనన్నది లెక్కలో వేసుకోకు. నాకు వినపడలేదు" అంది. తర్వాత మావయ్య వంక చూసింది. ఆమెన్ అనమని అడగలేదు, ఊరికే చూస్తూ నిలబడింది. ప్రార్థన అయిపోయాక ఎవరో ఒకరు అనాలి కదా. మావయ్య కిటికీ వైపు తిరిగి అక్కడున్న కాగితాలు సర్దాడు.

"ఆమెన్" అన్నాను నేను. ఈసారి నానమ్మకు కూడా వినపడింది.

నాన్న ఓడిపోయాడు. కొంచెం తేడాతో కూడా కాదు, బాగానే ఓడిపోయాడు. టైంపీసు గెలుపు ఊరేగింపు రోజున మాత్రం అతనివాళ్ళ తెల్లచొక్కాలు మాయకుండా వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నీళ్ళు చల్లారు. చల్లడం ఎంత తేలికో చూశావా అన్నాడు నాన్న. మర్నాటినుంచి మళ్ళీ దుమ్మే.

మాట తప్పాడని అనడానికి లేకుండా టైంపీసు స్థలం ఇప్పించాడు. చుట్టూ గోడ కూడా లేచింది. తీసుకెళ్ళిన బట్టలు ఒక్కొక్కటే మా అల్మరాలోకి తిరిగొచ్చాయి. తెచ్చినవాళ్ళు ఏమీ జరగనట్టే మాట్లాడారు. నాన్న కూడా ఏమీ అడక్కుండా కొలతలు తీసుకున్నాడు. మేం మాత్రం చర్చికి వెళ్ళలేదు. చీకటిపడే వేళకు ముందుగదిలోనే మిషన్ల మధ్య కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్ళం.

మొదటి వాన పడటానికి కొంచెం ముందు మావయ్య మా ఇంటికి వచ్చాడు. ఆ ఆదివారమే సమాధుల తోట ప్రతిష్ఠ. బయటి సంఘాలవాళ్ళు కూడా వస్తున్నారట. నాన్న మిషను ఆపకుండానే తల ఊపాడు. మూలనున్న నీడ చోటు మీకోసమే ఉంచానని మావయ్య నానమ్మతో అన్నాడు. నేను చెవిలో చెప్పాను. తొందరేం లేదంది నానమ్మ.

తర్వాత మావయ్య అమ్మ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అమ్మ ఒక చొక్కాకు కాజాలు కుడుతోంది.

"ఈ ఆదివారం వచ్చి పాట ఎత్తమ్మా. నువ్వు లేకపోతే ఎవరికీ కుదరడం లేదు."

అమ్మ దారం బిగించి ముడి వేసి, పళ్ళతో కొరికింది.

"గొంతు బాగోలేదు అన్నయ్యా."

"అయ్యో. ఏమైంది, జలుబా?"

"దుమ్ము."

మావయ్య ఇంకా కాసేపు నిలబడ్డాడు. వెళ్ళొస్తానని ఎవరికీ ప్రత్యేకంగా చెప్పకుండా మెట్లు దిగాడు. ఆయన రెండిళ్ళు దాటాడో లేదో, అమ్మ ఆ రోజు చర్చిలో ఎత్తని పాట ఎత్తింది. సరిగ్గా ఎంత ఎత్తులో ఉండాలో అంత ఎత్తులో, మొదటి చరణం నుంచి చివరిదాకా, ఎక్కడా గొంతు జీరపోకుండా పాడింది. నేను కిటికీలోంచి చూశాను. మావయ్య వీధి మధ్యలో ఆగిపోయాడు. తల వంచుకుని పాట అయ్యేదాకా నిలబడ్డాడు. ఆయన తెల్లచొక్కా భుజాల మీద దుమ్ము వాలుతోంది. వెనక్కి మాత్రం తిరగలేదు.

ఆ సాయంత్రం ప్రార్థన అమ్మదే. చాలాసేపు చేసింది. నాన్న పని గురించి, నా చదువు గురించి, వాన గురించి అడిగింది. చివర్లో గొంతు తగ్గించి, వాళ్ళ అన్నయ్యను క్షమించమని అడిగింది. నాన్నా నేనూ ఆమెన్ అన్నాం. నానమ్మ అనలేదు. చర్చిలో అలా జరిగిన దగ్గర్నుంచీ ఆమె ఎవరి చేతుల వంకా చూడటం లేదు. మోచేత్తో నన్ను పొడిచి, "ఏమడిగింది?" అంది.

చెవి దగ్గరికెళ్ళి వరసగా అన్నీ చెప్పాను. ఒక్కోదానికీ తలాడిస్తూ వచ్చింది. మావయ్య సంగతి దగ్గర తలాడించడం ఆపేసింది. అమ్మ తల దించుకునే వింటోంది. నానమ్మ ఒళ్ళోని దారపు ఉండను అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు ఆలోచించింది.

"మిగతావాటికి ఆమెన్. దానికి రేపు చూద్దాం" అంది.